పైకి చెప్పాల్సిన మాట

మా స్కెల్‌బీలో రెఫరీని తిట్టని మనిషి లేడు. చర్చి పాస్టరు కూడా తిడతాడు, కాకపోతే ఆయన లోలోపల. శనివారం మధ్యాహ్నం మైదానం చుట్టూ ఉన్న ఇనుప కడ్డీ మీద మోచేతులు ఆనించి, వారమంతా ఇంట్లోనూ పనిలోనూ అనలేకపోయిన మాటలన్నీ ఆ ఈల పట్టుకున్న మనిషి మీద పారేసి, తేలికపడి, టీ కోసం నా కిటికీ దగ్గరికి వస్తారు. "చక్కెర రెండు చెంచాలెయ్ గ్లెనిస్, గొంతు పోయింది" అంటారు. పోదా మరి! ఆ గొంతులకు చక్కెర కలిపీ కలిపీ నా చేయి అరిగిపోయింది.

నేను స్కెల్‌బీ రగ్బీ లీగ్ క్లబ్బుకు కార్యదర్శిని. టీ కొట్టు కూడా నాదే, ఎందుకంటే కార్యదర్శి పనికే ఎవరూ ముందుకు రారు, ఇక టీ కప్పులు కడగడానికి ఎవరొస్తారు? ఊళ్లో బొగ్గుగని మూతపడి నాకు గుర్తులేనన్ని ఏళ్లయింది. మిగిలింది ఈ మైదానం, ఈ క్లబ్బు గది, ఈ నోళ్లు.

మా ఆటలో కాగితం మీద చాలా మర్యాద ఉంది. జట్టులో రెఫరీతో మాట్లాడే హక్కు కెప్టెన్ ఒక్కడిదే. మాట్లాడితే 'సార్' అని మొదలుపెట్టాలి. ఎదురు చెబితే పెనాల్టీ ఇంకో పది మీటర్లు ముందుకు జరుగుతుంది. అయినా ఆగకపోతే బయటికి పంపేస్తారు. ఆట అయ్యాక రెండు జట్లూ, రెఫరీ కలిసి ఒకే గదిలో మాంసం కూరి కాల్చిన 'పై', బఠాణీల కూర తింటారు. మా క్లబ్బులో ఇంకో అలవాటు కూడా ఉంది. ఆ రోజు ఎవడైతే మైదానం నుంచి గెంటించుకున్నాడో వాడే రెఫరీకి మొదటి పళ్లెం తెచ్చి అందించాలి. ఎవరు పెట్టారో తెలియదు గానీ మంచి అలవాటు. ఎంత పొగరుబోతయినా, చేతిలో వేడి పళ్లెం పట్టుకుని నిలబడితే కాస్త మనిషిలా కనిపిస్తాడు.

మా కెప్టెన్ జాస్ ఓల్డ్‌రాయిడ్. గోదాములో సరుకు మోసే పని. ఎత్తు, బలం, ముక్కు మీద కోపం. వాడి చెల్లెలు హాటీ రెఫరీ. వారంలో ఐదు రోజులు పళ్ల డాక్టరు దగ్గర నర్సుగా అందరి నోళ్లూ తెరిపిస్తుంది, శనివారం వచ్చి అందరి నోళ్లూ మూయిస్తుంది అని మేం నవ్వుకునేవాళ్లం. పదహారో ఏట ఈల పట్టింది. ఆడపిల్ల, పైగా చిన్నగా ఉంటుంది, ఇక ఆ కడ్డీ మీద వాలిన మగాళ్లు ఊరుకుంటారా? ఏమేం అన్నారో నేను ఇక్కడ రాయను. మొదటి ఏడాది ఆట అయ్యాక నా కొట్లో బస్తాల వెనక కూర్చుని ఏడ్చేది. తర్వాత మానేసింది. "వినపడటం లేదు ఆంటీ, అలవాటు చేసుకున్నా" అనేది. నేను భేష్ అన్నాను.

వాళ్లమ్మ పిల్లలు బడికి వెళ్లే వయసులోనే ఇంకొకాయనతో వెళ్లిపోయింది. తండ్రి రాయ్‌స్టన్ బస్సు నడుపుతూ ఇద్దరినీ పెంచాడు. కిందటేడు ఫిబ్రవరిలో, పక్క ఊళ్లో హాటీ ఆడిస్తున్న మ్యాచ్ చూస్తూ, మైదానం గీత పక్కనే గుండె ఆగి కూలిపోయాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో అన్నా చెల్లెళ్లు ఇద్దరే. హాటీ వండుతుంది. జాస్ ఆమె రెఫరీ చొక్కా ఇస్త్రీ చేస్తాడు, కాలరు సరిగ్గా మడత పెట్టడం కూడా నేర్చుకున్నాడు. పొద్దున్నే గది తలుపు కొట్టి "సార్, టీ తాగుతారా సార్?" అని లేపుతాడని, అలా అంటే తప్ప లేవనని హాటీయే నాతో చెప్పింది. తండ్రి పోయిన ఇల్లు కూలిపోలేదంటే వాళ్లకు ఒకరికొకరు ఉండబట్టే. అంతకుమించి ఆ ఇద్దరికీ ఈ లోకంలో ఏమీ లేదు.

ఈ ఏడు ఏప్రిల్లో ఒక శనివారం డెన్‌రాయిడ్ జట్టు మా మైదానానికి వచ్చింది. రావాల్సిన రెఫరీ రాలేదు. కారు దారిలో పొగలు కక్కి ఆగిపోయిందని ఫోన్ చేశాడు. ఇరవై ఆరు మంది ఒళ్లు వేడి చేసుకుని నిలబడ్డారు. చూడ్డానికొచ్చినవాళ్లు అప్పుడే గొణగడం మొదలుపెట్టారు, రాని రెఫరీని కూడా తిట్టగల సమర్థులు. హాటీకి ఆ రోజు మ్యాచ్ లేదు, నా పక్కన రొట్టెలకు వెన్న రాస్తోంది. సొంతవాళ్లు ఆడే మ్యాచ్ ఆడించకూడదని నియమం. కానీ రెండు క్లబ్బులూ ఒప్పుకుంటే అభ్యంతరం లేదు.

డెన్‌రాయిడ్ కోచ్ నా కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు. "ఏమ్మా, నువ్వు సొంత అన్ననైనా వదలవని మా ఊళ్లో కూడా చెప్పుకుంటారు. నిజమేనా?"

"తప్పు చేస్తే వదలను" అంది హాటీ, కత్తి మీది వెన్న తుడుస్తూ.

"అయితే మాకు చాలు. రా తల్లీ."

నేను జాస్ వైపు చూశాను. వాడు రెండు చేతులూ జోడించి నాటకంలోలా వంగాడు. "సార్! కాస్త దయ చూపించండి సార్! రాత్రి గిన్నెలు నేనే తోముతా సార్!" అందరూ నవ్వారు. హాటీ కూడా నవ్వి, కారులోంచి బూట్లు, ఈల తెచ్చుకుంది.

జాస్‌కు ఆ రోజుల్లో నరాలు బిగుసుకుని ఉన్నాయి. మరో రెండు వారాల్లో కప్పు ఫైనల్. నా జుట్టు నల్లగా ఉన్నప్పుడు ఆడాం ఆఖరి ఫైనల్. ఊళ్లో ఎవడు కనిపించినా "ఏరా కెప్టెన్, కప్పు తెస్తున్నావా లేదా?" అనడమే. రాయ్‌స్టన్ ఉండి ఉంటే చూసి మురిసిపోయేవాడని ఒకరు, వాళ్ల నాన్న కోసమైనా గెలవాలని ఇంకొకరు. చచ్చిపోయినవాడి పేరు చెప్పి బతికున్నవాడి మీద బరువు మోపడం మా ఊరివాళ్లకు బాగా వచ్చు.

మొదటి సగం బాగానే నడిచింది. హాటీ ఆటతోపాటు పరుగెడుతూ, ఎవరేం అన్నా తల తిప్పకుండా, తన పని తాను చేసుకుపోయింది. రెండో సగంలో మావాళ్లు అలిసిపోయారు. ఆఖరి పావుగంటలో జాస్ ఒకడిని పడగొట్టి, లేవడానికి వీల్లేకుండా వాడి మీదే పడుకున్నాడు. హాటీ ఈల ఊదింది. పెనాల్టీ. న్యాయమైన పెనాల్టీయే, నా కిటికీలోంచి కూడా కనిపించింది.

జాస్ లేస్తూ ఏదో గొణిగాడు. అది ఆ పక్కన నిలబడ్డవాళ్లందరికీ వినపడింది, తర్వాత నాకు చెప్పారు. 'గుడ్డిదానా' అన్నాడట.

హాటీ ఆగింది. "కెప్టెన్, మాట్లాడే హక్కు నీకుంది. తిట్టే హక్కు లేదు. పది మీటర్లు" అని బంతి ముందుకు జరిపించింది. ఆ పది మీటర్లతో డెన్‌రాయిడ్‌వాళ్లు గోలుకు కొట్టగలిగే చోటికి వచ్చేశారు. కడ్డీ మీద జనం గోలెత్తారు. జాస్ ఆమె దగ్గరికి నడిచి వెళ్లాడు. అరవలేదు. వంగి, చెవి దగ్గర, నెమ్మదిగా ఒక మాట అన్నాడు.

నేను టీ పోస్తున్నదాన్ని ఆగిపోయాను. ఆ పిల్ల మొహంలో రక్తం లేదు. ఈల పెదాల మధ్య నుంచి జారి, తాడుకు వేలాడింది. తననే చూస్తున్న ఇన్ని కళ్ల ముందు ఆమె కాసేపు ఏమీ చేయలేదు. తర్వాత చెయ్యెత్తి, బట్టలు మార్చుకునే గది వైపు చూపించింది. కారణం చెప్పలేదు. జాస్ అడగలేదు. తల దించుకుని వెళ్లిపోయాడు.

ఓడిపోయాం. అది పెద్ద విషయం కాదు.

ఆట అయ్యాక గదిలో పళ్లేలు సర్దాను. జాస్ స్నానం చేసి, తల తుడుచుకోకుండానే వచ్చి, నా చేతిలోంచి మొదటి పళ్లెం తీసుకున్నాడు. మాంసం పై, బఠాణీలు, వాటి మీద గ్రేవీ. తలుపు దగ్గర నిలబడ్డాడు. హాటీ రాలేదు. అందరూ తినడం మొదలుపెట్టారు. హాటీ రాలేదు. గ్రేవీ మీద మీగడలా తెట్టె కట్టింది. "పెట్టెయ్ రా ఇంక" అన్నాను. వాడు పెట్టలేదు. నేను కిటికీలోంచి బయటికి చూస్తే ఆమె కారు ఎప్పుడో వెళ్లిపోయింది.

"ఏమన్నావురా దాన్ని?" అని అడిగాను.

"ఏం లేదు ఆంటీ. కోపంలో ఏదో."

"ఏదో అంటే?"

వాడు పళ్లెం నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

రెఫరీని దూషించి బయటికి పోయినవాడు లీగు కమిటీ ముందు నిలబడాలి. ఆటగాడి పక్కన వాళ్ల క్లబ్బు కార్యదర్శి కూర్చోవాలి, అంటే నేను. ఇక మా కమిటీకి ఒక పాత పద్ధతి ఉంది. అన్న మాటను రెఫరీ ఆ గదిలో పైకి చెప్పాలి. తగ్గించకూడదు, నాగరికంగా మార్చకూడదు, అన్నది అన్నట్టే చెప్పాలి. ఇంతకుముందు ఒక ముసలి రెఫరీ, చర్చిలో వాక్యం చదివే గొంతుతో, కళ్లద్దాలు సవరించుకుంటూ, పచ్చి బూతులు ఒక్కొక్కటే వల్లించాడు. నవ్వు ఆపుకోలేక నేను దగ్గినట్టు నటించాల్సి వచ్చింది. ఆ పద్ధతి ఎందుకంటే, సొంత నోటి మాట ఇంకొకరి నోట వింటే ఎవడికైనా సిగ్గొస్తుందని. రెఫరీ చెప్పకపోతే నేరం రుజువు కానట్టే. జాస్ ఫైనల్ ఆడొచ్చు.

అందుకని కమిటీ కూర్చునేలోపు ఆ మూడు రోజులూ ఊరంతా నా వెంట పడింది. "అమ్మాయితో ఓ మాట చెప్పు గ్లెనిస్, మర్చిపోయానని అనమను." "సొంత అన్నే కదా, ఇంట్లో మాట ఇంట్లో ఉంచుకోవాలి కదా." "కప్పు పోగొడుతుందా ఏంటి ఆ పిల్ల?" మాంసం కొట్టు దగ్గర ఒకడు అలా అంటే, "ఆ పిల్ల ఈల పట్టినప్పట్నుంచి నువ్వు దాన్ని అన్నవి ఎవరూ ఎక్కడా చెప్పమనలేదు, సంతోషించు" అని మొహం మీదే అనేశాను. వాడు సాసేజీలు కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు.

నేను హాటీని ఏమీ అడగలేదు. ఆ మూడు రోజులూ ఆమె పని దగ్గర స్నేహితురాలి ఇంట్లో పడుకుంది. ఆ మాట మాత్రం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఊరంతా తిట్టినా చెక్కుచెదరని పిల్లను ఒక్క మాట అలా నిలబెట్టేసిందంటే ఆ మాట ఏమై ఉంటుంది?

బుధవారం సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, బౌలింగ్ క్లబ్బు మేడ మీద గదిలో కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు క్రాస్‌లాండ్ గారు, ఒకప్పుడు హెడ్‌మాస్టరు. పక్కన ఇద్దరు సభ్యులు. మధ్యలో పొడుగాటి బల్ల. ఒక వైపు నేను, జాస్. ఎదురుగా హాటీ, పనిలోంచి నేరుగా వచ్చింది, నర్సు చొక్కా మీద కోటు.

క్రాస్‌లాండ్ గారు ముందు జాస్‌ను అడిగారు. "బాబూ, నువ్వు ఏమన్నావో నీకు గుర్తుందా?"

"గుర్తు లేదు సార్."

అబద్ధం. నా పక్కన వాడు కుర్చీ అంచు వదలకుండా పట్టుకుని కూర్చున్నాడు. ఫైనల్ పోతుందని భయం అనుకున్నాను, నాకు వాడి మీద అసహ్యం వేసింది. వాడి భయం అది కాదని నాకు కాసేపట్లోనే తెలిసింది.

"అమ్మా, మా పద్ధతి నీకు తెలుసు" అన్నారాయన హాటీతో. "నువ్వు చెప్పకపోతే ఇక్కడితో అయిపోయినట్టే. చెప్పి తీరాలని మేం ఎవరం నిన్ను బలవంతం చేయం."

జాస్ తలెత్తి చెల్లెలి వైపు చూశాడు. బతిమాలుతున్నట్టు చూశాడు. హాటీ లేచి నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది, మైదానంలో కెప్టెన్లతో మాట్లాడేటప్పుడు నిలబడినట్టే.

"'నేను గొణిగింది వినపడింది గానీ, నాన్న చస్తుంటే జనం అరిచింది నీకు వినపడలేదేం?' అన్నాడు సార్."

క్రాస్‌లాండ్ గారు కలం కింద పెట్టేశారు. ఒక సభ్యుడు మాత్రం, పేరు ఎందుకులే, తల గోక్కుని, "ఇందులో బూతు ఏమీ లేదే?" అన్నాడు. నా చేతిసంచి ఆయన మీదికి విసరకుండా రెండు చేతులతో పట్టుకున్నాను.

"లేదు సార్, బూతు లేదు" అంది హాటీ. "అర్థం కావాలంటే ఇంకొంచెం చెప్పాలి. చెప్పనా?"

"అక్కర్లేదమ్మా" అన్నారు క్రాస్‌లాండ్ గారు.

"చెప్తాను సార్. ఒకసారి చెప్పేస్తే పోతుంది." ఆమె గొంతు మామూలుగానే ఉంది. దానికే నాకు ఏడుపొచ్చింది. "మీకు తెలుసు కదా, మాకు మొదట నేర్పేది అదే. గీత అవతల ఎవరేం అరిచినా అది గాలి అనుకో, తల తిప్పితే నీ పని అయిపోయినట్టే అని. నాకది తొందరగా రాలేదు. చాలా కష్టపడి నేర్చుకున్నా. మా నాన్న పడిపోయిన రోజు కూడా గీత దగ్గర అరిచారు. 'రెఫ్! ఆపు! ఆపు రెఫ్!' అని. ప్రతి వారం అరిచేదే కదా అనుకున్నా. తల తిప్పలేదు. ఆట నడిపించా. బంతి ఇంకో మూడు చేతులు మారాక, అది బయటికి పోతే అప్పుడు ఈల ఊది చూశా. మా నాన్న కింద ఉన్నాడు. ఎవరో ఆయన కోటు గుండీలు విప్పుతున్నారు." వెనక్కి కట్టుకున్న చేతులు ముందుకు తెచ్చుకుంది. "వాళ్లు తిడుతున్నారనుకున్నా సార్. నన్ను పిలుస్తున్నారని తెలీలేదు."

నేను ఏళ్ల తరబడి భేష్ అన్నది దేన్నో నాకు అప్పుడు అర్థమైంది. ఆ పిల్ల చెవులు మూయించింది ఎవరో కూడా అర్థమైంది. వాళ్లందరికీ టీ పోసేది నేనే.

"ఇది నేను వీడికొక్కడికే చెప్పాను" అంది. "ఇంకెవరికీ తెలీదు. అంతే సార్."

జాస్ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. "అన్నాను సార్. అక్షరం అక్షరం అదే అన్నాను. గుర్తు లేదన్నది అబద్ధం." అని ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. తన మాట ఆమె నోట వినాల్సి వస్తుందనే వాడి భయమంతా. ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం అన్నారు. వాడు విన్నాడో లేదో కూడా నాకు తెలియదు. కప్పు సంగతి ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదు.

కింద కార్లు ఆపే చోట వాడు ఆమె వెంటపడ్డాడు. "హాటీ! ఆగవే. సారీ. ఫైనల్ పోతే పోనీ, నన్ను అసలు జట్టులోంచే తీసెయ్యనీ. సారీ."

హాటీ ఆగింది. "ఫైనల్ గొడవ నాకెందుకురా? నీ సారీ కూడా వద్దు. ఒక్కటి అడుగుతా, చెప్పు."

"అడుగు."

"నాన్న పోయిన రోజు ఇంటికొచ్చాక నీకు ఇదంతా చెప్పి ఏడ్చాను. అప్పుడు నా తల పట్టుకుని ఏమన్నావ్?"

"నేల మీద పడేలోపే పోయాడు అన్నా. నువ్వు ఆట ఆపినా ఆపకపోయినా ఒకటే అన్నా. డాక్టరు చెప్పాడని అన్నా."

"మరి మొన్న మైదానంలో ఏమన్నావ్? ఒరేయ్, ఈ రెండిట్లో ఏది నిజం?"

"అదే నిజం! డాక్టరు చెప్పిందే. మొన్నది కోపం. నీకు ఎక్కడ బాగా తగులుతుందో నాకు తెలుసు కాబట్టి అక్కడ కొట్టా. అంతే హాటీ. నిజంగా అంతే."

వాడు నిజమే చెబుతున్నాడని నాకు అనిపించింది. ఆమె వాడి మొహంలోకి అలాగే చూసింది. ఇద్దరు ఆటగాళ్లు చెరో మాట చెప్పినప్పుడు ఎవరిది అబద్ధమో తేల్చుకోవడానికి చూసే చూపు అది. ఎంత చూసినా తేల్చుకోలేకపోయింది.

"నన్ను నమ్మవా?" అన్నాడు వాడు, చిన్న పిల్లాడిలా.

"నమ్మాలనే ఉందిరా" అంది. వాడు ఏడుస్తుంటే భుజం మీద చెయ్యి వేసి రెండుసార్లు తట్టింది. చెల్లెలు కదా, తట్టకుండా ఉండలేకపోయింది. తర్వాత తన కారు అక్కడే వదిలేసి, వచ్చి నా కారులో కూర్చుంది.

దారిలో నేను ఊరుకోలేకపోయాను. ఊరుకోవడం నాకు చేతకాదు. "చూడమ్మా, వాడు నోరు పారేసుకున్నాడు, వాడికి నాలుగు తగిలించాలి. కానీ డాక్టరు చెప్పిన మాట మాత్రం నిజం. మీ నాన్న పడేలోపే పోయాడు. బాధే తెలీలేదు ఆయనకి. ఎవరూ ఏమీ చేయగలిగింది లేదు. ఊరంతటికీ తెలుసు కదా."

"మీకెవరు చెప్పారు ఆంటీ?"

చెప్పడానికి నోరు తెరిచాను. ఎవరు చెప్పారు? అంత్యక్రియల రోజు క్లబ్బు గదిలో అందరూ అదే అనుకున్నారు. టీ కప్పులు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు నాతో అన్నారు, నేను ఇంకొకరితో అన్నాను. వాళ్లందరికీ చెప్పిందెవరు? గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్ల చేతులు పట్టుకుని, ఆ మాట చెప్పింది జాస్.

"ఆస్పత్రిలో డాక్టరు మాట్లాడింది వాడొక్కడితోనే ఆంటీ" అంది హాటీ, కిటికీలోంచి బయటికి చూస్తూ. "నేను బయట బల్ల మీద కూర్చున్నా. బూట్లకి బురద, లోపలికి వెళ్లబుద్ధి కాలేదు. వాడు బయటికొచ్చి చెప్పాడు. ఊళ్లో ఎవరి నోట విన్నా అది వాడి నోట్లోంచి వచ్చిన మాటే."

"అయితే పద, రేపే ఆ డాక్టర్నే అడుగుదాం. నేను వస్తా నీతో."

ఆమె తల అడ్డంగా ఊపింది. "వద్దాంటీ. ఇన్నాళ్లూ ఆ ఒక్క మాట పట్టుకుని నిద్రపోయాను. వెళ్లి అడిగితే ఆయన ఇంకోటి చెప్పాడనుకోండి, అప్పుడేం చెయ్యను?"

అన్నీ తెలిసినట్టు ఊరందరికీ జవాబులు చెప్పేదాన్ని, గేరు మార్చడం కూడా మర్చిపోయి కారు నడిపాను.

మేం వెళ్లేసరికి జాస్ ముందే ఇంటికి వచ్చేశాడు. గుమ్మంలో నిలబడ్డాడు. మా ఇంటికి వచ్చి ఉండమని అడిగాను హాటీని. "ఎన్నాళ్లుంటాను ఆంటీ? నా ఇల్లు ఇదే కదా" అని దిగింది. వాడు పక్కకు జరిగాడు. ఆమె వాడి వైపు చూడకుండా లోపలికి వెళ్లింది. కోపంతో కాదు. చూస్తే మళ్లీ అదే ప్రశ్న వస్తుందని.

వాడు నా కారు దగ్గరికి వచ్చి వంగాడు. "నేను చెప్పింది నిజం ఆంటీ. ఒట్టు. మీరైనా నమ్ముతున్నారా?"

"నమ్ముతున్నాన్రా" అన్నాను, అవసరమైనదానికంటే తొందరగా.

వాడు నా మొహం కేసి చూశాడు. తర్వాత తల ఊపి, లోపలికి వెళ్లి, నెమ్మదిగా తలుపు వేసుకున్నాడు.